బ్యాటరీ స్విచ్చికి బొట్టు

మా బోటుకు రెండు ఇంజన్లు, రెండు బ్యాటరీలు. ఒకటి మొరాయిస్తే రెండోదానితో ఒడ్డుకు రావచ్చని. ఈ రోజు పొద్దున జువ్వలదిన్నెలో అందరూ వేటకు వెళ్లిపోయారు. మా బోటు మాత్రం కదల్లేదు. రెండు బ్యాటరీలూ ఒకేసారి చచ్చాయి.

ఎక్కడో తప్పు వైరు కలిపామనుకుని, పెట్రోలు వాసనలో తల దూర్చి మధ్యాహ్నం దాకా ఒక్కో వైరూ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. విసుగొచ్చి, మొన్న పూజలో వదిన బ్యాటరీ స్విచ్చి మీద దట్టంగా పూసిన పసుపును గుడ్డతో తుడిచాను. ఆఫ్, ఒకటి, రెండు, రెండూ కలిపి అని నాలుగు గుర్తులు బయటపడ్డాయి. బొట్టేమో ‘రెండూ కలిపి’ మీద ఉంది! నిన్న ఒడ్డుకు రాగానే అన్న స్విచ్చి అటే తిప్పాడు. పగటి వెలుతురులో ఎవరికీ కనబడక ఆర్పని బోటు లైటు, తెల్లారేదాకా వెలిగి రెండు బ్యాటరీలనూ తాగేసింది.

“బొట్టున్న వైపు ఆఫ్ అని నువ్వే కదన్నా చెప్పినావు?” అని అరిచాను.

“పెట్టింది మీ వదిన. నన్నడిగితే ఎట్టా?” అన్నాడు అన్న.

వదిన ఏమాత్రం తడబడలేదు. “ఒక ఇంజనుకు పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే ఎట్టయ్యా? అందుకే రెండిటికీ కలిపి పెట్టినా.”

ఒక రోజు వేట పోయింది. సాయంత్రం బ్యాటరీలు ఛార్జి చేయించుకొచ్చేసరికి, పసుపు తుడిచానన్న కోపంతో వదిన మళ్లీ స్విచ్చి నిండా పసుపు పూసేసింది. ఈసారి ఇంజనుకొకటి చొప్పున రెండు బొట్లు. మళ్లీ తుడిచే ధైర్యం నాకు లేదు, ఇందాక చూసిన గుర్తులేమో ఈ గొడవలో మర్చిపోయాను. ఫోటో కింద పెట్టాను, ఆఫ్ ఎటు వైపో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.