పాట లేని నాలుగో చెట్టు

మా వదిన మరేటా మూట కట్టుకుని కూర్చుంది. శుక్రవారం పడవకు పాపనెత్తుకుని నోనౌతి దీవిలోని పుట్టింటికి పోతుందా, మా అన్న యోతేబాతోనే ఉంటుందా అన్నది ఒక కొబ్బరిచెట్టు దగ్గర తేలాలి.

మా అబెమామా దీవిలో కల్లు గీసేవాడు చెట్టెక్కితే పాడాలి. చెట్టుకో పాట. పైన మనిషున్నాడని కింద ఆడవాళ్లకు తెలియాలి కదా. నోరు మూసుకుని ఎక్కేవాడు దొంగ. అన్నకు నాలుగు చెట్లు. రెండు పూటలా నాలుగు పాటలు, నాలుగు సీసాల తీపికల్లు. పాప పెరిగింది దాంతోనే. అదే కల్లు మూడు రోజులు దాస్తే పులిసి మత్తెక్కుతుంది. దాచడం అన్నకు బాగా వచ్చు.

నెల కిందట తాగి, పాపను ఒడ్డురాళ్ల మీద వదిలి మొగలిచెట్టు నీడలో పడుకున్నాడు. పోటు వచ్చింది. చేపలు ఆరేస్తున్న వదిన చూసి పరుగెత్తేసరికి నీళ్లు పాప రొమ్ము దాకా వచ్చాయి. అన్న గురక పెడుతున్నాడు.

వదిన ఏడవలేదు. "నాలుగు సీసాలూ నా చేతికివ్వు. ఒక్కటి తగ్గినా నేనుండను" అంది. అన్న చర్చిలో అందరి ముందూ ఒట్టేశాడు.

రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత పాటలు నాలుగు, సీసాలు మూడు.

"నాలుగోది ఏది?"

"ఎలుకలు తాగేశాయే."

"సీసాతో సహానా?"

మర్నాటి నుంచి మా అన్న తెలివి చూడండి. ఆ చెట్టు ఎండిపోయింది, ఎక్కడం మానేశానన్నాడు. ఎక్కుతూనే ఉన్నాడు, పాడటమే మానేశాడు.

పక్కింటి తాంగిరా ముసలమ్మ ఊరుకుంటుందా? "ఏమే మరేటా, మూడు పాటలకే నీ మొగుడి గొంతు ఎండిపోతోందా? తడుపుకోవడం తెలిసినవాడేలే!"

వదిన నవ్వలేదు. నన్ను పిలిచింది. "అబ్బాయ్, నువ్వు కాలేజీ మానేసి వస్తే మీ అన్న తన్నబోయాడు. అడ్డుపడింది నేను. నిజం చెప్పు. ఎక్కుతున్నాడా?"

"ఎక్కుతున్నాడు వదినా."

ఆ దాచిన కల్లు నేనూ రెండుసార్లు పంచుకున్నానని చెప్పలేదు.

గురువారం సాయంత్రం మూడో పాట అయిపోయింది. తర్వాత ఏమీ లేదు. వదిన పాపను చంకనేసుకుని వెళ్లి నాలుగో చెట్టు కింద నిలబడింది. పైకి చూడలేదు. పెళ్లైన కొత్తలో అన్న ఆమె మీద కట్టి, ఆ చెట్టెక్కి పాడే పాట ఎత్తుకుంది. ఆడది చెట్టు పాట పాడగా మా ఊళ్లో ఎవరూ వినలేదు. ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. గొంతు జీరపోయినా ఆపలేదు. రెండోసారి పాడింది. మూడోసారి సగంలో ఊపిరందలేదు.

మిగతా సగం పైనుంచి వచ్చింది. దాన్ని పాట అనడానికి లేదు.

అన్న దిగొచ్చి సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"ఇసుకలో ఇంకెన్ని పాతిపెట్టావు?"

"రెండు."

"తవ్వు."

తవ్వాడు. ఆమే ఒంపేసింది.

శుక్రవారం పడవ వదిన లేకుండానే పోయింది. మళ్లీ నాలుగు పాటలు, నాలుగు సీసాలు. కానీ మూడో పాటకూ నాలుగో పాటకూ మధ్య ఆమె చేతిలో గరిటె ఆగిపోతుంది. పాట మొదలయ్యాక గానీ కదలదు. రోజూ రెండు పూటలా ఇంతే.

మూట ఇంకా మూలనే ఉంది. పాప గౌను ఒక్కటి మాత్రం బయటికి తీసింది.