లడ్డూతో ఇచ్చిన టీసీ

2022 జూలై. తార్నాకలో యూనివర్సిటీ గోడను ఆనుకుని ఉన్న ఒక అప్పర్ ప్రైమరీ స్కూల్లో నేను జూనియర్ అసిస్టెంటుని, అంటే గుమాస్తాని. మా దగ్గర ఏడో తరగతి వరకే ఉండేది. ఎనిమిదికి పిల్లలు మెయిన్ రోడ్డు దాటి హైస్కూలుకు వెళ్లాలి. ఆ రోడ్డు దాటకుండానే చదువు మానేసిన వందమందిని నేను మళ్లీ బడిలో కూర్చోబెట్టాను.

సరే, వందమంది కాదు. ఒక్కతే, పేరు మౌనిక. ఆ పిల్ల బడి మానడానికి కారణం కూడా నేనే.

మా స్కూల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏడో తరగతి ఆఖరి రోజున పిల్లల చేతిలో లడ్డూ, తల్లిదండ్రుల చేతిలో టీసీ పెట్టి సాగనంపేవాళ్లం. టీసీ అంటే బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం. అది ఇవ్వగానే కంప్యూటర్లో మా జాబితా నుంచి పేరు తీసేస్తాం. కొత్త బడి చేర్చుకునేదాకా ఆ పేరు 'డ్రాప్ బాక్స్' అనే చోట పడి ఉంటుంది. జూలైలో తెరిచి చూస్తే మౌనిక పేరు అక్కడే ఉంది.

వాళ్లమ్మ యాదమ్మ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేసేది. నేను అక్కడికి వెళ్లేసరికి మౌనిక పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"పిల్లను హైస్కూల్ల ఎందుకు చేర్పియ్యలే యాదమ్మా?"

"గదేంది సారూ! లడ్డూ వెట్టి, చప్పట్లు గొట్టి మీరే కాయిదం ఇస్తిరి. సదువు అయిపోయిందనుకున్న. పెట్టెల భద్రంగ దాసిన."

"నువ్వన్న చెప్పొద్దా?" అని మౌనికను కసిరాను.

"చెప్పిన. అమ్మ నమ్మలే. మీరు ఒక్కనాడన్న వచ్చి చెప్పిండ్రా సార్?"

టీసీ తీసుకుని ముగ్గురం హైస్కూలుకు వెళ్లాం. అడ్మిషన్లు చూసే మాస్టారు తలెత్తకుండానే "సెక్షన్లు నిండినయ్. వచ్చే ఏడు రండ్రి" అన్నాడు. నేను బల్ల గుద్ది, "ఈ పిల్లను చేర్చుకునేదాకా ఇక్కడ నుంచి కదలను!" అని గర్జించాను. అందరికీ ఇలాగే చెబుతుంటాను.

నిజానికి "అలాగే సార్" అని లేచి నిలబడ్డాను. కదలనిది మౌనిక. తిన్నగా ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్లి, చివరి బెంచీ పక్కన నేల మీద కూర్చుంది.

"దా బిడ్డా, పోదాం" అన్నాను.

"మీరు పోండ్రి సార్. మీకు లెవ్వమంటే లేచే అలవాటున్నది. నేను లెవ్వ."

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. వెనకాలే వచ్చిన మాస్టారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం పిల్లను తెచ్చినవయ్యా! ఇటియ్యి ఆ టీసీ."

మరుసటి ఏడాది నేను టీసీలు చేతికివ్వనన్నాను. తల్లిదండ్రులనూ పిల్లలనూ వెంటబెట్టుకుని రోడ్డు దాటిస్తాను, అడ్మిషన్ అయ్యాకే లడ్డూ అన్నాను.

"రూల్ ప్రకారం ఇక్కడే ఇచ్చెయ్యాలి. నీది ఆఫీసు పని" అన్నాడు హెడ్మాస్టరు.

"మెమో ఇవ్వండి సార్" అన్నాను. ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

రిటైరయ్యేదాకా అలాగే నడిపించాను. కాగితం చేతిలో పెడితే నా పని అయిపోయిందనుకున్నాను అంతకుముందు అన్నేళ్లూ. పిల్ల అవతలి బడి బెంచీ మీద కూర్చున్నప్పుడు కదా అయ్యేది!

ఇందుకు నాకు మూడు మెమోలు వచ్చాయి. కాదులెండి, సంజాయిషీ అడుగుతూ ఒక్కటే. యాదమ్మ టీసీని దాచినట్టు దాన్ని పెట్టెలో భద్రంగా దాచుకున్నాను. జవాబు మాత్రం ఇప్పటికీ రాయలేదు, రాయను కూడా.