గడ్డం మాస్టరు నిద్ర

ఆ సెలూన్‌లో ఉన్నవి రెండే కుర్చీలు. కిటికీ పక్కది మాస్టరుది, తలుపు దగ్గరిది ఆయన బావమరిదిది. మాస్టరుని అందరూ గడ్డం మాస్టరనే పిలిచేవారు. పేటలో అందరి గడ్డాలూ గీసే మనిషి తన గడ్డం మాత్రం ఛాతీ మీదికి పెంచుకుంటే ఇంకేమంటారు? పొద్దున షట్టరు ఎత్తగానే దానికి నూనె రాసి, దువ్వి, అటూ ఇటూ సరిచూసుకున్నాకే మొదటి మనిషికి గుడ్డ కప్పేవాడు. "నా షాపుకి వేరే బోర్డెందుకయ్యా, ఇది చాలదా?" అంటూ గడ్డం నిమురుకునేవాడు.

అసలు సంగతి వేరు. నలభై దాటాక ఆయన మెడ లావెక్కి, చుబుకం కింద ఇంకో చుబుకం దిగింది. ఎవరి మొహంలో ఏ వంక ఉన్నా జుట్టుతోనో గడ్డంతోనో కప్పిపుచ్చడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. సొంత మొహానికీ ఆ ఉపాయమే చేసుకున్నాడు. కప్పింది కొన్నాళ్ళకి ఆయనే మర్చిపోయాడు.

ఆయనకి ఎప్పుడూ అలసటే. ఇంట్లో అందరికంటే ముందు పడుకుని, అందరికంటే ఆలస్యంగా లేచినా, లేచేసరికి రాత్రంతా ఎవరో బస్తాలు మోయించినట్టుండేది. నోరు పిడచగట్టుకుపోయేది. తల దిమ్ముగా ఉండేది. ఇక గురక సంగతి అడక్కండి. ఆ ధాటికి తట్టుకోలేక భార్య తన పక్కని హాల్లోకి మార్చేసి ఏళ్ళు గడిచాయి. అయినా మాస్టరు తన నిద్ర గురించి గొప్పలు పోయేవాడు. "తల దిండుకి తగిలితే చాలు, నేనీ లోకంలో ఉండను" అనేవాడు. గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నట్టేనని లోకమంతా అనుకుంటుంది. ఒక్క మాస్టరుని తప్పుపట్టి ఏం లాభం?

తల మర్దన చేస్తుంటే ఆయన కుర్చీలో ఎంతటివాడికైనా కళ్ళు మూతలు పడేవి. అలా నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళని చూస్తే మాస్టరుకి ఒళ్ళు మండేది. నిద్రపోయి లేచినవాడి మొహం తేటగా ఉండేది మరి. తన మొహం ఎప్పుడు అలా తేటపడిందో ఆయనకి గుర్తులేదు.

ఒకనాటి మధ్యాహ్నం బస్సు కండక్టరు గొంతు మీద కత్తి ఉంది. మాస్టరు నిలుచున్నవాడు నిలుచున్నట్టే కునికాడు. బావమరిది ఒక్క గెంతులో వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"బావా! ఏం చేస్తున్నావు?"

"ఏముంది, చూస్తున్నా, అంచు సరిగ్గా వచ్చిందా అని."

"కళ్ళు మూసుకునా?"

కండక్టరు మెడ తడుముకుంటూ లేచి, మిగతా సగం గడ్డం బావమరిది కుర్చీలో గీయించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మాస్టరు కుర్చీ ఎక్కలేదు. ఆ మాట పేటంతా పాకడానికి ఎంతసేపు? తలుపు దగ్గరి కుర్చీకి జనం వరస కట్టారు. కిటికీ కుర్చీలో ఎక్కువగా మాస్టరే కూర్చునేవాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే షట్టరు ఎత్తబోతుంటే గుండెలో ఏదో అయింది. గుప్పిట్లో కోడిపిల్లని పట్టుకుంటే ఎలా గిలగిల్లాడుతుందో అలా కొట్టుకుంది. ఒక దెబ్బ పడుతుంది, ఒకటి పడదు, ఆపైన నాలుగు కలిసి పడతాయి. కాళ్ళలో సత్తువ పోయి మెట్టు మీద కూలబడ్డాడు. ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ పరీక్షలు చేసి, గుండె పైగదులు లయ తప్పి వణుకుతున్నాయంది. మత్తిచ్చి, చిన్న కరెంటు దెబ్బతో దాన్ని దారిలో పెట్టింది. మాత్రలు రాసింది. మాస్టరు గండం గడిచిందనుకుని గడ్డానికి నూనె రాసుకున్నాడు. అట్టే రోజులు కాకుండానే కోడిపిల్ల మళ్ళీ గిలగిల్లాడింది.

ఈసారి డాక్టరమ్మ మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచి, "నిద్ర ఎలా పడుతుంది మీకు?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా పడుతుందండీ."

వెనక నుంచున్న భార్య ఇక ఊరుకోలేకపోయింది. "అదేం నిద్రండీ డాక్టరుగారూ! గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతారు. హాల్లోంచి లేచొచ్చి చూస్తే పొట్ట ఎగసిపడుతూ ఉంటుంది, ఊపిరి మాత్రం ఉండదు. నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఇంతలో నీళ్ళలోంచి లేచినట్టు గుర్రుమని లేస్తారు. మళ్ళీ మొదలు."

మాస్టరు భార్య వైపు కొరకొరా చూశాడు. ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు అంటించి నిద్రపోనిచ్చి చూస్తే, ఆవిడ చెప్పింది తక్కువేనని తేలింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "నిద్రలో మీ గొంతు వదులై దారి మూసుకుపోతోంది. ఛాతీ గాలి కోసం గుంజుతూనే ఉంటుంది, గాలి రాదు. ఆ గుంజుడికి గుండె పైగదులు సాగిపోతాయి. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు కంగారుపడి మిమ్మల్ని లేపుతుంది, బీపీ ఎగదన్నుతుంది. మీకు మెలకువ వచ్చినట్టు కూడా గుర్తుండదు. రాత్రంతా ఇదే వరస. మీరు పడుకుంటున్నారు, మీ గుండె మాత్రం పరిగెడుతూనే ఉంది. అలాంటి గుండె లయ నిలబెట్టుకోమంటే ఎక్కడ నిలబెట్టుకుంటుంది?"

దానికి మందు ఒక చిన్న మిషను. గొట్టం గుండా గాలి తోసి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ముక్కు దిబ్బడ వల్ల మాస్టరు నోటితో ఊపిరి పీల్చే మనిషి, అంచేత ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కు ఇచ్చారు. అది చర్మానికి అతుక్కోవాలి. అతుక్కోవాలంటే గడ్డం తీసెయ్యాలి.

"అదొక్కటి అడక్కండి" అన్నాడు మాస్టరు.

ఇంటికొచ్చి సొంత తెలివి వాడాడు. సెలూన్‌లో జుట్టు అణచడానికి రాసే జిగురు క్రీము గడ్డానికి దట్టంగా పట్టించి, దాని మీద మాస్కు బిగించాడు. ఇలాంటి పని మంగలి పని తెలిసినవాడికే తోస్తుంది. గాలి గడ్డంలోంచి బుస్సుబుస్సుమని కళ్ళలోకి కొట్టింది. పట్టీలు ఇంకా బిగించాడు, బుగ్గలు కందిపోయాయి. చివరికి ఆ మాస్కు తీసి మంచం కిందికి తోసేసి, పొద్దున మాత్రం "భేషుగ్గా ఉంది" అని భార్యతోనూ తల్లితోనూ అన్నాడు. ఇంట్లోవాళ్ళని నమ్మించాడు గానీ గుండెని నమ్మించలేకపోయాడు. అది మూడోసారి లయ తప్పింది.

మాస్కు సంగతి బయటపడినా డాక్టరమ్మ కోప్పడలేదు, దానికే ఆయనకి ఎక్కువ భయం వేసింది. "ఇలాగే వదిలేస్తే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. చెయ్యి పడిపోవచ్చు. మాత్రలు ఆ ముప్పుని తగ్గిస్తాయి గానీ పూర్తిగా తీసెయ్యవు. మీ ఇంట్లో ఇంకెవరికైనా గుండె జబ్బుందా? మీ నాన్నగారికి?"

"లేదండీ. ఆయనది సుఖమైన చావు. నాకన్నా చిన్న వయసులో నిద్రలోనే పోయారు. పుణ్యాత్ముడని ఇప్పటికీ చెప్పుకుంటారు."

"గురక పెట్టేవారా?"

"వీధి చివరికి వినబడేదండీ" అని నవ్వబోయి ఆగిపోయాడు మాస్టరు.

"ఆయనకేమైందో నేను చెప్పలేను. మీ సంగతే చెబుతున్నాను" అందావిడ.

మర్నాడు షాపు తెరిచాక మాస్టరు వెళ్ళి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. "తీసెయ్" అన్నాడు.

"నిజంగానా? తర్వాత నన్ననకూడదు బావా."

"నువ్వు వాగుతూ కూర్చుంటే నాకు మనసు మారుతుంది."

బావమరిది కత్తెరతో మొదలుపెట్టి కత్తితో ముగించాడు. కుర్చీలో కూర్చున్న కాసేపట్లోనే మాస్టరుకి నిద్ర ముంచుకొచ్చింది. లేపేసరికి గుడ్డ నిండా గడ్డం, అద్దంలో నాన్న. అదే పొట్టి చుబుకం, అదే లావు మెడ. గడ్డం పోయిందన్న బాధ ఆయనకి తట్టనేలేదు. భయం వేసింది, ఆ వెనకే నాన్న మీద పట్టలేనంత జాలి కలిగింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. తల్లి కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తి చూసి, చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఒక్క క్షణం మీ నాన్నే అనుకున్నానురా" అంది.

మాస్టరు పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన బుగ్గ తడిమి చూసింది.

"ఆ మిషను పెట్టుకుంటే ఊపిరి ఆగదా?"

"ఆగదంటున్నారమ్మా."

"మీ నాన్నకీ ఆగేది. భుజం పట్టుకుని తోస్తే మళ్ళీ ఊపిరి అందుకునేవారు. రోజూ తోసేదాన్ని." ఆవిడ తువ్వాలుని మడిచి, మళ్ళీ విప్పింది. "ఆ రాత్రి గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. నాకు మెలకువే. పొద్దున్నించీ చాకిరీతో ఒళ్ళు హూనమైపోయి ఉన్నాను. హమ్మయ్య, ఇల్లు సద్దుమణిగింది, కాసేపు పడుకుందామనుకున్నాను. తోయలేదురా. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు."

తోసి ఉంటే నాన్న బతికేవాడేమో, బతికేవాడు కాదేమో. అది చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

"గుండె ఆగిపోయినవాడు తోస్తే లేస్తాడా అమ్మా? నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు" అన్నాడు, డాక్టరమ్మే చెప్పినంత గట్టిగా.

ఆవిడ ఆ మాట నమ్మిందో లేదో తెలియలేదు. బట్టల దొంతర పక్కకి జరిపింది.

"ఇవాళ్టినించి నా మంచం నీ గదిలో వెయ్యి."

"మిషను ఉందిగా అమ్మా. అది చూసుకుంటుంది. దానికి నిద్ర రాదు."

"నాకూ రాదు, ఆ రాత్రి నించీ" అంది తల్లి.

మాస్టరు అన్నం కూడా తినకుండా లేచి, ఆవిడ మంచాన్ని తన గదిలోకి లాగాడు.