నీళ్లలో దమ్ము పట్టిన అమ్మ

అది 2024 వేసవి. వికారాబాద్ పక్కన, అనంతగిరి దారిలో ఉన్న ఒక రిసార్టు ఈతకొలనులో మా స్కూబా సెంటర్ సెలవుల శిక్షణ నడుపుతోంది. సముద్రం లేని ఊళ్లో స్కూబా ఏమిటని అందరూ నవ్వుతారు. సముద్రానికి వెళ్లేముందు కొలనులో నేర్చుకోవడమే క్షేమం. నేనక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని.

ఆ రోజు తాండూరు నుంచి అనసూయక్క, డిగ్రీ చదువుతున్న కూతురు సౌమ్య వచ్చారు. వాళ్లది నాపరాళ్ల వ్యాపారం. సౌమ్య స్నేహితురాళ్లతో అండమాన్ వెళ్లి డైవింగ్ చేయాలని ఆశపడుతోంది.

"ముందు నేను దిగి చూస్త. మంచిగనిపిస్తెనే పంపుత. లేకుంటె టికెట్ క్యాన్సిల్," అంది అక్క.

"మేడం, మా అమ్మకు బకెట్ల నీళ్లన్నా భయమే. ఇగ నేను పోయినట్టే!"

"నోరు మూస్కో. నిన్ను కన్ననాడు భయపడ్డనా?"

నడుము లోతు నీళ్లలో అక్కకు రెగ్యులేటర్ అందించాను. సిలిండర్‌లోని గాలిని నోటికి చేర్చే పరికరమది. స్కూబాలో మొదటి సూత్రం, ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చీలిపోవచ్చు. అందుకే మా చూపు ఎప్పుడూ బుడగల మీదే ఉంటుంది. మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా అవి పైకి వస్తాయి.

అక్క తల ముంచింది, వెంటనే లేచింది. మళ్లీ ముంచింది, మళ్లీ లేచింది. "నాతోని కాదు, పోదాం పా," అంది.

గట్టు మీంచి సౌమ్య బతిమాలింది. "అమ్మా, గిట్ల పరేషాన్ కాకు. జర దమ్ము పట్టు!"

ఈసారి మునిగిన అక్క లేవలేదు. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది. సౌమ్య చప్పట్లు కొట్టింది. నేను మాత్రం బుడగల కోసం చూశాను. ఒక్క బుడగ కూడా లేదు. గబుక్కున మునిగి, ఆమె లేవకుండా భుజాలు పట్టుకుని, వీపు తట్టాను. కళ్లు తెరిచింది. ఊదమని సైగ చేశాను. భళ్లున బుడగలు వచ్చాక పైకి తెచ్చాను.

"ఎందుకు బిగబట్టినవ్ అక్కా?"

"నా బిడ్డే చెప్పె గద, దమ్ము పట్టుమని!"

మా వైపు ఆ మాటకు కాస్త ఓపిక పట్టమని అర్థం. దమ్మంటే ఊపిరి కూడా; నీళ్లలో ఉన్న అక్క దాన్ని ఉన్నదున్నట్టు పాటించింది. నాకు నవ్వొచ్చింది కానీ, సౌమ్య ముఖం పాలిపోయింది.

"భయపడకు అక్కా," అన్నాను అలవాటుగా.

"నీకు పిల్లల్లేరా? భయపడకుంటె ఎట్ల?"

ఉంది, చిన్న పాప. "అయితే నేను మునుగుత, నువ్వు బుడగలు చూడు. అవి సాఫీగ వస్తుంటె దమ్ము మంచిగ ఆడుతున్నట్టు," అన్నాను. నేను లేచేసరికి అక్క నీళ్లపైకి వంగి చూస్తోంది.

"ఎసరు మరిగినట్టే ఉన్నది గదనే!"

తర్వాత ఆమె తానూ ఎసరు మరిగించింది. నా చేయి పట్టుకుని లోతు దాకా వచ్చింది.

చివరికి సౌమ్య దిగింది. అక్క గట్టున కూర్చుని రెప్ప వేయకుండా చూసింది. బుడగలు వరుసగా వస్తూనే ఉన్నాయి.

"మస్తు మరుగుతున్నది," అంది మెల్లగా. "టికెట్ ఉండనియ్యి."

అప్పటినుంచి నేను ఏ తల్లికీ భయపడవద్దని చెప్పడం లేదు. ఎక్కడ చూడాలో చూపిస్తున్నాను. రేపు మా పాప మొదటిసారి బడి బస్సు ఎక్కుతుంది. అక్కడ ఏం చూడాలో నాకింకా తెలియదు. పొద్దున బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మను అడుగుతాను.