మా తాతయ్య వెళ్ళని రంగూన్

మా ఇంట్లో అండమాను అనే మాట పలకకూడదు. పలకాల్సి వస్తే రంగూన్ అనాలి. తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, రంగూన్‌లో కలప అడితిలో పనిచేసి యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడని బందరులో మా పేటంతా నమ్మేది. నమ్మించింది మా అమ్మ. అసలు సంగతి నాకు చెప్పిన రోజున కూడా ఆవిడ తలుపు వేసుకుని, మాట బయటికి పోకుండా కుట్టుమిషను తొక్కుతూ చెప్పింది. మిషను మీద గుడ్డ లేదు, ఊరికే తొక్కుతోంది. అప్పటికి నాకు పదేళ్ళుంటాయేమో. అప్పటినుంచీ ఎవరైనా "మీ తాతగారు..." అని మొదలుపెడితే చాలు, ఏదో పని ఉన్నట్టు అక్కణ్ణుంచి జారుకునేదాన్ని.

తాతయ్య దొంగ. దివిసీమలో కాలువ మీద పడవల్ని దోచేవాడు. ఆ కాలంలో జనం పెళ్ళికైనా చావుకైనా పడవలోనే వెళ్ళేవాళ్ళు. నీటి తలుపులుండే లాకుల దగ్గర పడవ ఆగగానే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని ఎక్కి, "భయపడకండి, కూర్చోండి" అంటూ అందరినీ అండీ అని పిలిచి మరీ నగలు అడిగి తీసుకునేవాడట. పుస్తెలు, అన్నం మూటలు ముట్టుకునేవాడు కాదట. చలికి వణుకుతున్న ఒక ముసలావిడకి తన దుప్పటి కప్పి వెళ్ళాడట. అవనిగడ్డ వైపునుంచి వచ్చిన చుట్టాలు గొంతు తగ్గించి ఈ కథలు చెప్పుకుని, మహారాజులాంటి దొంగ అని మురిసిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మెళ్ళో గొలుసు ఒలుచుకున్నాక దుప్పటి కప్పితే ఎంత, కప్పకపోతే ఎంత? ఈ పొగడ్త తాతయ్యకీ గిట్టేది కాదు. "చేతిలో కత్తి ఉన్నవాడికి మెల్లగా మాట్లాడ్డం ఏం కష్టమండీ" అనేవాడు.

చుట్టాలు దాటేసే సంగతి ఒకటుంది. ఒక పడవవాడు ఎదురు తిరిగాడు. తాతయ్య తోశాడు. పడవవాడి తల లాకు రాతికి కొట్టుకుంది, కాలువలో పడి చనిపోయాడు. కాలు జారి పడ్డాడని చెప్పమని ప్లీడరు బతిమాలినా వినకుండా, తాతయ్య కోర్టులో నిలబడి "నేనే తోశానండీ" అన్నాడు. అమ్మకి ఇంకా సరిగ్గా మాటలు రాని వయసులో ఆయన్ని ఓడెక్కించి ద్వీపాంతరం పంపేశారు. తిరిగొచ్చేసరికి ఆవిడకి నేనున్నాను.

నాకు తెలిసిన తాతయ్య కొబ్బరి డొక్కలు నానబెట్టి, చెక్క సుత్తితో బాది, పీచు తీసి తాడు పేనే ముసలాయన. గిలకలదిండి రేవు పడవల వాళ్ళు వచ్చి ఆ తాళ్ళు కొనుక్కెళ్ళేవారు. అమ్మ ఊళ్ళో లేనప్పుడు నేను పక్కన కూర్చుని ఆ దీవి సంగతులు అడిగేదాన్ని. అక్కడా ఇదే పనట. రోజుకింత పీచు తీసివ్వకపోతే దెబ్బలట. చేతులు పుండ్లు పడ్డవాళ్ళ వాటా కూడా తనే బాదేవాడని మాటల్లో జారితే, దాన్ని గొప్పగా చెప్పనివ్వకుండా "పొద్దు గడవాలి కదండీ" అని తీసిపారేసేవాడు. ఖైదీల మీద కాపలా ఉండే, మనవైపునుంచి వచ్చిన ఒక జమాదారుని అండీ అని పిలిచినందుకు, వెక్కిరిస్తున్నాడనుకుని అతను కొట్టాడట. మనవరాలినైన నన్నే కాదు, మా ఇంటి పిల్లిని కూడా తాతయ్య అండీ అనే అదిలించేవాడు.

ఆ దీవినుంచి ఆయన వెంట వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. దీపాలు పెట్టే వేళకి వచ్చి గుమ్మం పక్కన గొంతుక్కూర్చునేవాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని. అక్కడ సాయంత్రాలు ఖైదీలందరినీ అలా కూర్చోబెట్టి లెక్కపెట్టేవారట. లెక్కలోకి రానివాడు పారిపోయినట్టే. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఉన్నావు నాన్నా" అనాలి. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కుని అన్నానికి వచ్చేవాడు. నేను చెబితే చెల్లేది కాదు. ఒకసారి అమ్మ బజారునుంచి ఆలస్యంగా వస్తే ఆవిడ వచ్చేదాకా జల్లులో తడుస్తూ అక్కడే కూర్చున్నాడు. గొంతుక్కూర్చుంటే పంచె పైకి జరిగి, చీలమండ చుట్టూ బేడీల నల్లటి మచ్చ కనబడేది. అమ్మకి ప్రాణం పోయేది.

అమ్మ భయమంతా పక్కింటి అత్తయ్యగారితో. ఆవిడ నిజంగానే రంగూన్‌లో కాపురం చేసి, యుద్ధంలో కొండలూ అడవులూ నడిచి వచ్చిన మనిషి. మనసులో ఏ కల్మషమూ లేకుండా, తన ఊరు గుర్తొచ్చినప్పుడల్లా "మీరుండేది ఏ వైపండీ బాబాయిగారూ?" అని గోడ మీదనుంచి అడిగేది. తాతయ్య నవ్వి పీచు బాదుకునేవాడు. అమ్మ గిన్నెడు పులుసు తీసుకెళ్ళి ఆవిడ దగ్గర రంగూన్ కబుర్లు పోగుచేసుకొచ్చి, రాత్రి అన్నాలప్పుడు తాతయ్యకి పాఠం చెప్పేది. ఏనుగులు దుంగలు తోసేది ఎక్కడ, బంగారు గోపురం ఏ దిక్కున, వానలు ఎప్పుడు. ఆయన బుద్ధిగా వినేవాడు. మర్నాడు అడిగితే ఒక్క ముక్కా చెప్పేవాడు కాదు.

"అబద్ధం నాకు పట్టదమ్మా."

"దొంగతనం పట్టింది గానీ!" అని అమ్మ కంచం విసురుగా పెట్టేది.

నా ట్రైనింగు పూర్తయి గుడివాడలో ప్రభుత్వ స్కూలు టీచరు ఉద్యోగానికి నా పేరు వచ్చింది. నాన్న పోయి అప్పటికి చాలా కాలమైంది. ఇల్లు అమ్మ కుట్టుపని మీదే నడిచేది, ఆవిడ కళ్ళు సూదిలో దారం ఎక్కించలేని స్థితికొచ్చాయి. ఆ ఉద్యోగం మాకు అన్నం. అయితే ఆర్డరు చేతికిచ్చే ముందు పోలీసు ఎంక్వైరీ ఉంటుందన్నారు. వాళ్ళ వెతుకులాటంతా ఎర్రజెండా వాళ్ళ కోసమని లోకమంతటికీ తెలుసు. మా ఇంట్లో ఆ తెలివి ఎవరికీ పనికిరాలేదు. వీధిలో సైకిలు బెల్లు మోగితే అమ్మ చేతిలో సూది విరిగేది. నేను లేచి కిటికీ సందులోంచి చూసేదాన్ని.

"ఒక్క మాట నాన్నా. రంగూన్ అను చాలు" అని అమ్మ ఏడ్చింది.

తాతయ్య తాడు కొసను వేలికి చుట్టుకున్నాడు. "రంగూన్ వెళ్ళానంటే ఆ పడవాయన చచ్చిపోనట్టే కదమ్మా. ఆయనకి నేను చేసిన మర్యాదంటూ ఏదైనా ఉంటే, నేనే తోశానని చెప్పడం ఒక్కటే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీకు ఈ ఉద్యోగం బాగా కావాలా అండీ?"

కావాలి తాతయ్యా అన్నాను. తల ఊపాడు.

కానిస్టేబులు సరిగ్గా దీపాల వేళకే వచ్చాడు. తాతయ్య గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, పంచె పైకి జరిగి ఉంది. ఖాకీ కనబడగానే తటాలున లేచి, చేతులు రెండూ ఒంటికి ఆనించి, తల దించుకుని నిలబడ్డాడు. అమ్మ ఆయన కాళ్ళకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఈయనెవరండీ?"

"మా నాన్నగారండీ. రంగూన్‌లో ఉండేవారు."

"రంగూన్‌లో ఎక్కడండీ?"

గోడ మీద పక్కింటి అత్తయ్యగారి తల లేచింది. "నేనూ ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నానండీ, చెప్పరు!"

తాతయ్య తలెత్తాడు. నది ఒడ్డున కలప అడితి అన్నాడు. ఏనుగులు దుంగల్ని తొండాలతో తోసుకొచ్చి పేర్చే తీరు చెప్పాడు. పొద్దు వాలేటప్పుడు బంగారు గోపురం మీద ఎండ ఎలా పడుతుందో, వానాకాలం బట్టలు ఆరక ఇల్లంతా ఎలా ముక్కిపోతుందో, ఒక్కటీ మర్చిపోకుండా, అమ్మ చెప్పిన వరసలోనే చెప్పాడు. "అవునండీ, అవును బాబాయిగారూ" అంటూ అత్తయ్యగారు గోడవతల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానిస్టేబులు మజ్జిగ తాగి, అమ్మాయి మంచి ఉద్యోగస్తురాలు కావాలని దీవించి సైకిలెక్కాడు.

నాకు గెంతాలనిపించింది. అమ్మ నవ్వుతోంది. తాతయ్య మళ్ళీ తన చోట గొంతుక్కూర్చున్నాడు.

"ఉన్నావు నాన్నా" అంది అమ్మ.

ఆయన లేవలేదు. మళ్ళీ చెప్పింది. లేవలేదు.

"నేనున్నాను సరేనమ్మా. ఆయన్ని ఇవాళ లెక్కలోంచి తీసేశాను. నువ్వు వెయ్యి."

ఆయనంటే ఆ పడవాయనని అమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఇద్దరూ ఉన్నారు నాన్నా" అంది చివరికి. అప్పుడు ద్వారబంధం పట్టుకుని లేచాడు.

నేను గుడివాడలో చేరాను. శని, ఆదివారాలు బందరు వచ్చేదాన్ని. ప్రతి సాయంత్రం ఇదే మాట, ఇద్దరూ ఉన్నారు నాన్నా. నాకు కొత్త భయం పట్టుకుంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఎవరైనా వింటేనో? మెల్లగా చెప్పమ్మా అంటే, మెల్లగా చెబితే ఆయన లేవడం లేదే అనేది.

భయపడ్డంతా అయింది. ఒక ఆదివారం పక్కింటి అత్తయ్యగారు కూరగిన్నె ఇవ్వడానికి వచ్చి, అమ్మ నా కోసం మెల్లగా అన్న ఆ మాట కూడా విని నవ్వేసింది. "ఒక్కరే కదండీ కూర్చుంది, ఆ రెండో ఆయనెవరు?"

అమ్మ దగ్గర ప్రతిదానికీ ఒక రంగూన్ ఉండేది. ఏదో ఒకటి కల్పిస్తుందని ఆవిడ మొహం కేసి ఆశగా చూశాను. అమ్మ నన్ను చూసింది, తాతయ్య కాళ్ళు చూసింది.

"మా నాన్న చంపిన మనిషండీ. రంగూన్ కాదు, నాన్నగారు అండమాన్లో ఉండేవారు" అంది.

అత్తయ్యగారు గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ ఎవరికైనా చెప్పిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం నిలిచేదాకా ఆ ఏడాదంతా స్కూలు గేటు దగ్గర ఖాకీ కనబడితే నేను వెనక్కి తిరిగి క్లాసులోకి వెళ్ళిపోయేదాన్ని. కానీ ఆ సాయంత్రం మాత్రం తాతయ్య, అమ్మ ఇంకో మాట అనకముందే తనంతట తను లేచి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి నడిచాడు.