కుంకుమ బొట్టు కింద సోలార్ సెల్లు

మా ప్రాంతం కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్ళలో, ఉక్కు కర్మాగారం ఊరైన భిలాయిలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది కంప్యూటర్ కోర్సుల వెంట పడ్డారు. నేను మాత్రం ప్లాస్టిక్‌తో ఎండ నుంచి కరెంటు పుట్టిస్తానని ఊళ్ళోనే ఒక కాలేజీ ల్యాబులో పరిశోధనకు చేరాను. సెక్టర్ 4లో మా క్వార్టర్ చుట్టుపక్కల ఆ మాట విన్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళ నవ్వును నేను లెక్కచెయ్యలేదు. మా నాన్న నవ్వకపోవడమే నా ఒళ్ళు మండించేది. ఆయన రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాలి, చెవులు చిల్లులు పడేలా దొర్లేదే ఆయన దృష్టిలో పని. నేను చేసేది చదువు. నా గురించి ఎవరడిగినా, “ఇంకా సదువుకుంటంది” అని తేల్చేసేవాడు. నా చేతులతో నేనూ ఒక వస్తువును తయారు చేస్తున్నానని ఆయన నోట ఒక్కసారి వినాలని నా పంతం.

ఆ సోలార్ సెల్లు తయారీ నాలాంటి కోపిష్టి మనిషికి పెద్ద శిక్ష. కరెంటు పారే పారదర్శకమైన పూత ఉన్న గాజుపలకను ముందు మచ్చలేకుండా కడగాలి. పాలిమర్ అనే ఆ ప్లాస్టిక్‌ను, కర్బన పరమాణువులు బంతిలా అల్లుకున్న ఇంకో పదార్థాన్ని కలిపి కరిగించి, ఆ ద్రావణం చుక్క పలక మీద వేసి గిర్రున తిప్పాలి. చుక్క పరుచుకుని, ఆరి, నేరేడుపండు రంగు పొర మిగులుతుంది. వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత ఉంటుంది ఆ పొర. దాని మీద గాలి తీసేసిన పాత్రలో అల్యూమినియం ఆవిరి పట్టించి, సన్నని వేడి మీద కాసేపు ఉంచాలి. ఇంత చేశాక మన భిలాయి ఎర్రధూళి రేణువు ఒక్కటి దూరిందా, పొరకు చిల్లుపడి సెల్లు చచ్చినట్టే.

వెలుతురు తగలగానే పాలిమర్‌లో ఎలక్ట్రాన్ కదులుతుంది గాని, తాను వదిలిన ఖాళీని పట్టుకునే వేలాడుతుంది. పక్కనే అందుకునే చెయ్యి ఉంటే తప్ప విడిపోదు. ఆ చెయ్యి కర్బన బంతిది. అందుకే ఆ రెంటినీ పులిహోర కలిపినట్టు ఎక్కడికక్కడ పక్కపక్కనే ఉండేలా కలపాలి. విడిపడ్డ ఎలక్ట్రాన్ అల్యూమినియం వైపు, ఖాళీ గాజు మీది పూత వైపు నడుస్తాయి. ఆ నడకే కరెంటు.

విశ్వకర్మ పూజ నాడు భిలాయిలో యంత్రమన్నదానికల్లా బొట్టు పెడతారు. మా ల్యాబులోనూ అంతే. ఆ రోజే నా సెల్లులు చూసి, నైట్రోజన్ సిలిండర్లు ఇంకా కొనాలో మానాలో చెబుతానన్నారు మా హెచ్.ఓ.డి. గాలి తగలకుండా సెల్లులు చేసే పెట్టెకు నైట్రోజనే ఊపిరి. అది ఆగితే నా పరిశోధనా ఆగినట్టే. నాన్నను కూడా రమ్మన్నాను.

చిటికెనవేలి గోరంత సెల్లులు మూడింటిని వరసగా కలిపి, గాజువైపు పైకి ఉండేలా టేబుల్ లైటు కింద పెట్టాను. వాటి తీగలు బ్యాటరీ తీసేసిన చిన్న కాలిక్యులేటర్‌కు తగిలించాను. పూజ అయ్యాక అందరినీ పిలిచి లైటు వేశాను. కాలిక్యులేటర్‌లో ఒక్క అంకె రాలేదు. తీగలు కదిపాను, కాలిక్యులేటర్ విప్పి చూశాను, అల్యూమినియం పూతను తిట్టుకున్నాను. నడి సెల్లు మీద గంధం, కుంకుమ అద్ది ఉన్నాయి. చూశాను కూడా. కాని ఆ రోజు పంపుకీ బొట్టే, తలుపుకీ బొట్టే. అది అక్కడ ఉండకూడదని భిలాయిలో పుట్టిన నా కంటికి ఎంతకీ తట్టలేదు.

తట్టాక తల తిప్పి చూస్తే నాన్న వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరి ముందూ అరిచేదాన్నే, తెల్లబోయిన ఆయన ముఖం చూసి ఆగాను. వరసలో ఒకదానికి వెలుతురు అందకపోతే మిగతా రెండూ ఆగిపోతాయని మాత్రం చెప్పాను. పొర గాజు కింద ఉంది కనుక ఏమీ కాలేదు. ఆయనే జేబురుమాలు తడిపి, ఊపిరి బిగబట్టి తుడిచాడు. కాలిక్యులేటర్‌లో సున్నా వచ్చింది. రెండుకు రెండు కలిపి నొక్కి, వచ్చిన నాలుగును అందరికీ చూపించాను.

ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుందని హెచ్.ఓ.డి. హిందీలో అడిగారు. అబద్ధం చెప్పలేదు. బయట పెడితే కొద్ది రోజులేనని, గాలీ తేమా పాలిమర్‌ను తినేస్తాయని చెప్పాను. ఆయన పెదవి విరిచారు. గాలికే చచ్చేదాన్ని ఏం చేసుకుంటామన్నారు.

నాన్న నా వైపు తిరిగాడు.

“ఇనుముకీ గాలే గదమ్మా శత్రువు. తుప్పడతాదని మేం పట్టాలు సెయ్యడం మానేసామేటి? నీ పనీ నా పనీ ఒకటేనని సెప్పు ఆయనకి.”

ముప్పై ఏళ్ళుగా హిందీలో డ్యూటీ చేసిన మనిషి ఆ మాట తానే చెప్పొచ్చు. నన్ను చెప్పమన్నాడు. పొల్లుపోకుండా చెప్పాను. హెచ్.ఓ.డి. నవ్వి, సిలిండర్లు వస్తాయిలే అన్నారట. నాకది సరిగా వినపడనే లేదు. మా నాన్న నాది పని అన్నాడు.