భేజ్జికి పంపిన మామిడి కొమ్మ

చింతపండు, ఇప్పపువ్వు గంపలకొద్దీ దిగే రోజుల్లో, నిండు సంతలో, బస్తరు కొసన కొంటాలోని మా నాన్న దుకాణం ముందు ఒక్క గంప కూడా దిగని రోజు ఒకటుంది. ఆ రోజు వాన పడలేదు, బందు లేదు, శబరికి వరద రాలేదు. ఆ ఘనకార్యం పూర్తిగా నాది. ఒక అట్టముక్క, రెండు పాచికలు, ఇరవై రెండేళ్ళ వయసు, అడ్డూ అదుపూ లేని కుతూహలం ఉంటే చాలు, మూడు తరాల వ్యాపారాన్ని నిలువునా ముంచొచ్చని ఆ రోజు నిరూపించాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

జగదల్‌పూర్‌లో కాలేజీలో ఉన్నప్పుడు నా గదిలో ఉండే కుర్రాడి దగ్గర ఒక పెట్టె ఉండేది. అందులో ఒక మడత పటం, దాని నిండా తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు, సైన్యాలని చెప్పుకునే చిన్న చిన్న అట్ట బిళ్ళలు, పాచికలు, పంచాంగమంత నియమాల పుస్తకం. ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్ని బల్ల మీద మళ్ళీ ఆడాలి. నిజంగా ఓడిపోయిన రాజు ఈసారి గెలవచ్చు కూడా. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. అక్కడ చదువు ఎంత వంటబట్టిందో నా మార్కుల కాగితానికే తెలియాలి గానీ, ఏ గడిలోంచి గుర్రపుదళం ఎన్ని గళ్ళు కదలాలో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి.

చదువైపోయి కొంటాకు వచ్చాక పెట్టె లేదు, ఆడేవాళ్ళు లేరు. పెట్టె నేనే చేసుకున్నాను. సబ్బుల డబ్బా అట్ట పరిచి, లారీ నుంచి ఊడిన ఆరు పలకల నట్టు ఒకటి దానిమీద పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పితే ఒక గడి. అలా వేళ్ళు నొప్పెట్టేదాకా తిప్పితే బస్తరు తయారైంది. శబరి నదికి బట్టల నీలిమందు పూశాను. ఇక ఆడేవాళ్ళంటారా, మా వదిన దొరికింది. పప్పు ఉడికేలోపు ఒక యుద్ధం ఆడి, గెలిచి, లేచి వెళ్ళి తాలింపు పెట్టేది.

నేను ఎంచుకున్న యుద్ధం మా అడవిదే. రాజుల కాలంలో తెల్లదొరల పెత్తనం మీద బస్తరు తిరగబడిన కథ. మామిడి కొమ్మకు ఎర్ర మిరపకాయలు కట్టి ఊరి నుంచి ఊరికి పంపేవారని, దాన్ని అందుకున్న ఊరు యుద్ధంలోకి దిగినట్టేనని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నా ఆటలో తిరగబడ్డ పల్లెలు నావి, దొరల పటాలం వదినది. కొమ్మ రోజుకు ఒక గడి నడుస్తుందని నియమం రాశాను. వరసగా ఏడుసార్లు ఓడిపోయాను. నా కొమ్మ నాలుగో ఊరు చేరేలోపు వదిన పటాలం జగదల్‌పూర్ నుంచి వచ్చి, ఊళ్ళన్నీ సర్దేసి, వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"రోజుకొక గడేనని నీకెవరు చెప్పిండ్రు?" అంది ఏడో ఓటమి తర్వాత.

"ఎవరూ చెప్పలేదు వదినా. నేనే అనుకున్నా."

"అనుకుంటే ఎట్ల మరిదీ? తెలుసుకోవాలె గద."

ఆమె ఉద్దేశం, ఎవరైనా పెద్దవాళ్ళని అడగమని. బుద్ధి ఉన్నవాడికి అలాగే అర్థమవుతుంది. నాకు మాత్రం, ఒక కొమ్మ పంపి చూడమన్నట్టు అర్థమైంది.

సంత రోజు పెరట్లోకి వెళ్ళాను. చెట్టు నిండా ఉసిరికాయలంత మామిడి పిందెలు. చూడ్డానికి బాగుండాలని గుత్తులు ఎక్కువున్న కొమ్మనే ఏరి మరీ విరిచాను. వదిన డబ్బాలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి దారంతో కట్టాను. మధ్యాహ్నం లచ్చయ్య దుకాణానికొచ్చాడు. పక్క పల్లె దొర్ల తెగ రైతు, నేను పుట్టకముందు నుంచీ మా దుకాణంలోనే ఉప్పు కొంటున్న మనిషి. కొమ్మ అతని చేతిలో పెట్టాను.

"లచ్చన్నా, దీన్ని మీ పక్కూరివాళ్ళకివ్వు. వాళ్ళని ఆ పక్కూరికి ఇమ్మను. అట్లా భేజ్జిలో మా మామ దుకాణం దాకా పోవాలి. కొంటా సావుకారి కొడుకు పంపిండని చెప్పు."

లచ్చయ్య కొమ్మని చూశాడు, కాయల్ని చూశాడు, నన్ను చూశాడు.

"గిప్పుడేనా బాబూ?"

"ఇప్పుడే."

"పండుం అయినంక పంపరాదు?"

"అప్పటిదాకా ఆగలేను లచ్చన్నా."

పండుం అంటే పండుగ. పండుగకైతే తీరిక దొరుకుతుంది, అందుకే వాయిదా వేస్తున్నాడనుకున్నాను. మీరైతే అక్కడ ఆగి 'ఎందుకు?' అని అడిగేవారు. కుతూహలానికి నన్ను మించినవాడు లేడని చెప్పుకునే నేను అడగలేదు. లచ్చయ్య కొమ్మను మనిషికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకుని వెళ్ళిపోయాడు.

నా అంచనా ప్రకారం మధ్యలో ఉన్న ఆరు ఊళ్ళు దాటడానికి ఆరు రోజులు. చేరిన వేళ గడియారం చూసి రాసుకోమని మామకు ముందే కబురు పెట్టాను. మామ రెండో రోజు సాయంత్రమే సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"అల్లుడూ, నీ కొమ్మ పొద్దున్నే వచ్చింది. ఇంకా దుకాణం తలుపు తియ్యలే. ఎవరో అరుగు మీద పడేసి, నీ పేరు చెప్పి, ఎనక్కి చూడకుండ పోయిండు."

"పొద్దున్నేనా? ఆరు ఊళ్ళూ దాటి?"

"ఆఁ. కాని ఆ మనిషి మొహం బాగలేదురా. ఊళ్ళోవాళ్ళు కూడ నా అరుగు దిక్కు చూస్త లేరు."

"తిరుగుబాటు కబురు మామా. నవ్వుకుంటూ తేరు గదా," అన్నాను గొప్పగా.

ఆనందంతో నాకు అన్నం సహించలేదు. ఒక్క పూటకి ఆరు గళ్ళు. నియమాల నోటుబుక్కులో పాతది కొట్టేసి కొత్తది రాసి, పక్కన 'ప్రజల ఉత్సాహం వల్ల' అని కారణం కూడా చేర్చాను. మర్నాడు వదిన పటాలాన్ని ఇంద్రావతి ఒడ్డునే చుట్టుముట్టి, జీవితంలో మొదటిసారి గెలిచాను. ఆ గెలుపు ఐదు రోజులు నిలిచింది.

మళ్ళీ సంత వచ్చింది. పొద్దున్నుంచీ తలల మీద గంపలతో జనం వస్తూనే ఉన్నారు. మా దుకాణం దగ్గరకు వచ్చేసరికి అందరూ రోడ్డుకు అవతలి పక్కకు జరిగి, ఎదురు దుకాణంలో దిగుతున్నారు. నాన్న కాటా తుడిచాడు. తూకపురాళ్ళు తుడిచాడు. మళ్ళీ కాటా తుడిచాడు.

"ఏందిరా ఇది? మనింట్ల ఎవరికన్న అమ్మవారు పోసిందని పుకారు పుట్టిందా?"

ఈ నాలుగు వారాల సరుకు మీదే మా ఇల్లు ఏడాదంతా నడుస్తుంది. నాన్న గొంతులో భయం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. లచ్చయ్య కనిపిస్తే కేకేశాడు. లచ్చయ్య ఆగాడు గానీ, తల ఎత్తలేదు.

"నన్నడుగకు సావుకారూ. పెద్దలొస్తాండ్రు."

వచ్చారు. ముందు ఇర్మయ్య. లచ్చయ్య ఊరి పూజారి ఆయన, నాన్న ఆయన్ని మామా అంటాడు. వెనక ఆరు ఊళ్ళ పెద్దలు. ఇర్మయ్య చేతిలో, భేజ్జిలో మామ అరుగు మీంచి వెనక్కి తెప్పించిన నా కొమ్మ. ఆకులు వాడిపోయాయి, కాయలు ముడుచుకున్నాయి, మిరపకాయలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరూ గుమ్మం ఎక్కలేదు.

"రా మామా, కూచో. ఏమైంది?" అన్నాడు నాన్న.

"కూచోము సావుకారూ. కొత్త మామిడి పండుం ఇంకా కాలే. దేవునికి పెట్టకముందు మా పోరగాళ్ళు కింద పడ్డ పిందె కూడ నోట్ల పెట్టరు. నీ కొడుకు కాయలతోటి కొమ్మ ఇరిచి మా ఊళ్ళ మీదికి పంపిండు. దానికి దిష్టి తీసినట్టు కారం కట్టిండు. మేమేం చేసినం మీకు?"

నాన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఆ చూపు గురించి రాయను.

"మరి... అంత వేగంగా ఎట్లా పోయింది తాతా?" అన్నాను. నోరు జారలేదండీ, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎవరు ఉంచుకుంటరు బాబూ? నీళ్ళు తాగేంత సేపు కూడ మా ఊళ్ళ ఆగనియ్యలే. పొలిమేర దాటిచ్చినం. పక్కూరోళ్ళు గట్లనే దాటిచ్చిండ్రు."

నేను రాసుకున్న ప్రజల ఉత్సాహం అదీ. ఆ క్షణాన సిగ్గుతో నేల చీలితే బాగుండనిపించింది. అయినా పాపిష్టి చెయ్యి జేబులోకి పోయి నోటుబుక్కు తీసింది.

"ఒక ఊరు దాటడానికి ఎంత సేపు పట్టింటుంది తాతా, ఉజ్జాయింపుగా?"

"ఒరేయ్ రాంబాబూ, ఆ బుక్కు ఇటియ్యి," అన్నాడు నాన్న.

పెద్దలు పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. పండుంకు మేకపోతు, బియ్యం సావుకారి ఇంటి నుంచి. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఇర్మయ్య కొమ్మను నాకిచ్చాడు.

"ఇది నువ్వే పట్టుకపోవాలె. ఏ తొవ్వల పోయిందో గదే తొవ్వల, నడిచి. ప్రతి పొలిమేరన నిలబడి తప్పయిందని చెప్పు. ఆ ఊరి పెద్ద సరే అంటనే ముందుకు. భేజ్జి వాగుల ఇడిచిపెట్టు. అప్పుడు మా గంపలు నీ దుకాణంల దిగుతయి."

ఆరు ఊళ్ళు. కొమ్మకు ఒక్క పూట పట్టింది, నాకు మహా అయితే రెండు రోజులు అనుకుని తెల్లారి బయల్దేరాను. మొదటి పొలిమేరలోనే నా లెక్క చెడింది. తప్పయిందన్నాను. పెద్దలు సరే అనలేదు.

"ఎందుకు పంపినవ్?"

ఎందుకో చెప్పాలంటే ఆట చెప్పాలి. ఆట చెప్పాలంటే దుమ్ములో గళ్ళు గియ్యాలి, గులకరాళ్ళు పేర్చాలి. గీశాను. ఊరంతా చుట్టూ చేరింది. దొరల పటాలం ఆ వాగు అక్కడ దాటదని ఒకాయన, ఎండాకాలం దాటుతుందని ఇంకొకాయన వాదించుకున్నారు. పొద్దు వాలింది. అన్నం పెట్టి, రేపు పొమ్మన్నారు. రెండో ఊళ్ళోనూ అంతే, మూడో ఊళ్ళోనూ అంతే. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గు తగ్గిపోయి సంతోషం మొదలైంది.

నాలుగో ఊళ్ళో ఒక ముసలవ్వ నా గళ్ళన్నీ ఓపిగ్గా చూసి, పక్కన పడున్న కొమ్మను కర్రతో కదిపింది.

"గప్పటి కొమ్మకు కాయల్లేవు బిడ్డా. వట్టి ఆకులే. మా అవ్వ చూసింది."

"ఎంత వేగంగా పోయేదో చెప్పిందా అవ్వా?"

"పొయ్యి మీది అంబలి దిగకముందే పక్కూరు చేరిందంట. ఇయ్యన్ని కొంటాలనే మా మనవణ్ణి అడిగితే చెప్పేటోడు గద. రోజూ మీ దుకాణానికొస్తడు."

పుట్టినప్పటి నుంచీ ఉప్పు తూచి ఇస్తున్న మనుషులే వాళ్ళు. ఎప్పుడో ఎక్కడో జరిగిన యుద్ధాల్లో ఏనుగుల లెక్క నాకు కంఠతా వచ్చు గానీ, మా గుమ్మం ముందు గంప దింపే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె కాళ్ళకు దండం పెట్టాను. అది శిక్షలో భాగం కాదు, నాకే పెట్టాలనిపించింది.

ఆరో రోజు సాయంత్రం భేజ్జి వాగులో కొమ్మను వదిలాను. మర్నాడు మామ సైకిలు వెనక కూచుని కొంటా చేరేసరికి సంత నడుస్తోంది. మా దుకాణం ముందు అడుగు పెట్టే చోటు లేకుండా గంపలు. నాన్న చెమటలు కక్కుతూ చింతపండు తూస్తున్నాడు. నన్ను చూసి ఒక్క మాటే అన్నాడు.

"వచ్చి కాటా పట్టుకో."

జనం పలచబడ్డాక వదిన నోటుబుక్కు తెచ్చింది. నియమం మళ్ళీ కొట్టేసి రాశాను. 'పోరుకు పిలిచే కొమ్మ, పూటకు ఆరు ఊళ్ళు. తప్పయిందని చెప్పే కొమ్మ, రోజుకు ఒక ఊరు.'

వదిన చదివి, "ఈ రెండోది ఆటలో ఎక్కడ పనికొస్తది?" అంది.

"ఆటలో కాదు వదినా, నాకు."

కాబట్టి పాఠక మహాశయులారా, పాచికలు చేతబట్టి, కాటా సాక్షిగా, తూకపురాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా యుద్ధాలేవీ బల్ల అంచు దాటవు. ఏ నియమాన్నీ బతికున్న ఊళ్ళ మీద పరీక్షించను. తప్పనిసరై ఎప్పుడైనా చెట్టు మీద చెయ్యి వెయ్యాల్సి వస్తే, ముందు లచ్చయ్య దగ్గరకు వెళ్ళి, చేతులు కట్టుకుని, పండుం అయిందా అని అడుగుతాను.